5.2 కిలోమీటర్ల దారికి 8.6 కిలోమీటర్లు: నా ఓరియంటీరింగ్ వారం

ఆదివారం పొద్దున ఎనిమిదిన్నర ప్రాంతంలో, దేవునూరు దగ్గర ఇనుపరాతి గుట్టల్లో, ఒక వాగు మధ్యలో నిలబడి మ్యాప్‌ని అటు తిప్పి ఇటు తిప్పి చూస్తున్నాను. మేకలు కాసే పెద్దాయన ఒకాయన గట్టు మీద ఆగాడు.

"ఏం తప్పిపోయింది సారూ? బర్రెనా?"

"కాదు పెద్దయ్యా, నేనే."

ఆయన నవ్వలేదు. నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. ప్యాంటు మీదికి మోకాళ్ల దాకా లాక్కున్న సాక్సులు, నడుముకు నీళ్ల సీసా, బొటనవేలికి తగిలించుకున్న కంపాస్. "మరి గిట్లెందుకు తిరుగుతున్నవ్? ఊరికెనేనా?" అన్నాడు. ఊరికేనే అన్నాను. అంతకంటే నిజమైన జవాబు నా దగ్గర లేదు.

నాకు నలభై మూడేళ్లు. హనుమకొండలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. ఐదేళ్ల కింద డాక్టరు "షుగర్ బార్డర్‌లో ఉంది" అన్న రోజు నుంచి నడక మొదలుపెట్టి, నడక పరుగై, పరుగు పిచ్చయి ఇక్కడిదాకా వచ్చాను. 10 కిలోమీటర్లు 54 నిమిషాల్లో పరుగెత్తుతాను. రెండేళ్లుగా ఆ 54 దగ్గరే ఆగిపోయాను. విసుగొచ్చి మానేద్దామా అనుకుంటున్నప్పుడు భద్రకాళి బండ్ (చెరువు కట్ట) మీద ఒక రిటైర్డ్ హవల్దార్ పరిచయమయ్యాడు. ఆర్మీలో ఉన్నన్నాళ్లూ మ్యాప్ పట్టుకుని అడవుల్లో పరుగెత్తే పోటీలకు పోయేవాడట. మేమంతా ఆయన్ని హవల్దార్ సాబ్ అంటాం. "రోడ్డు మీద ఉరికితే కాళ్లే పనిచేస్తయి సార్, ఒకసారి గుట్టల్లకు రాండ్రి" అన్నాడు. ఆ ఒకసారి ఎనిమిది నెలల కిందటి మాట.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఓరియంటీరింగ్ అంటే మ్యాప్, కంపాస్ పట్టుకుని అడవిలోనో ఊళ్లోనో ముందే పెట్టిన గుర్తులను వరుసగా వెతుక్కుంటూ పోవడం. గుర్తును కంట్రోల్ అంటారు. నారింజ, తెలుపు రంగుల గుడ్డ వేలాడుతుంటుంది. ఒకదాని నుంచి ఇంకోదానికి ఏ దారిన పోతారో మీ ఇష్టం. అన్నీ చూసి తక్కువ టైంలో వచ్చినవాడు గెలిచినట్టు. స్వీడన్, నార్వేల్లో పుట్టిన ఆట. జనం కోసం మొదటి పోటీ 1897లో నార్వేలో జరిగింది. దీని గురించి రాసేవాళ్లంతా పైన్ చెట్లు, కింద మెత్తటి నాచు అని వర్ణిస్తుంటారు. మనకు పైన సర్కారు తుమ్మ, కింద పల్లేరు కాయలు.

మొన్న నవంబరు మొదట్లో గడిచిన వారం గురించి రాస్తున్నాను. ఆదివారం మా ఐదారుగురం కలిసి పెట్టుకున్న కోర్సు, అంటే వరసగా కంట్రోళ్లు పెట్టిన పోటీ దారి, ఉంది. మిగతా రోజులన్నీ దానికి తయారీ అన్నమాట.

సోమవారం సెలవు. మంగళవారం భద్రకాళి బండ్ మీద 8 కిలోమీటర్లు నెమ్మదిగా, పక్కనున్నవాళ్లతో మాట్లాడగలిగేంత నెమ్మదిగా. కార్తీక మాసం కదా, గుడి వైపు దీపాలు పెట్టేవాళ్లు, స్నానాలు చేసి తడి బట్టలతో పోయేవాళ్లు. అడ్డం తప్పుకుంటూ పరుగెత్తడమే సరిపోయింది. దాని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

బుధవారం జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం. 2021 సెప్టెంబరులో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ ఇక్కడే జరిగాయి. ఆ ట్రాక్ మీద అడుగు పెట్టినప్పుడల్లా నా పొట్ట నాకే కొంచెం సిగ్గుగా ఉంటుంది. లోపలి లేన్లలో నిజంగా పరుగెత్తే పిల్లలుంటారు కాబట్టి నేను ఆరో లేన్‌లో ఉంటాను. మొదట్లో నా 400 మీటర్ల టైం ఎందుకింత దరిద్రంగా వస్తోందో అర్థమయ్యేది కాదు. తర్వాత లెక్కల మాస్టారికి బుద్ధొచ్చింది. లేన్ వెడల్పు 1.22 మీటర్లు. ఒక్కో లేన్ బయటికి జరిగితే చుట్టుకొలత దాదాపు 7.7 మీటర్లు పెరుగుతుంది. ఆరో లేన్‌లో ఒక రౌండు అంటే 400 కాదు, 438 మీటర్లకు దగ్గర. పిల్లలకు వృత్త పరిధి చెప్పేవాడికి ఇది నాలుగు వారాలు తట్టలేదు.

ఆ రోజు ఎనిమిది రౌండ్లు, ఒక్కోటి 2 నిమిషాల 16 సెకన్ల దగ్గర, మధ్యలో 90 సెకన్ల విశ్రాంతి. ఇందులో మెలిక ఏమిటంటే ఆ 90 సెకన్లలో హవల్దార్ సాబ్ ఒక పాత మ్యాప్ ముక్క చేతిలో పెడతాడు. రెండో కంట్రోల్ నుంచి మూడోదానికి గుట్టకు ఎడమ నుంచి పోతావా, కుడి నుంచా, ఎందుకు? ముప్పై సెకన్లలో చెప్పాలి. మొదటి మూడు రౌండ్ల తర్వాత బాగానే చెప్పాను. ఆరో రౌండు తర్వాత గుండె చెవుల్లో కొట్టుకుంటుంటే "ఎడమ నుంచి" అంటూ కుడి చెయ్యి చూపించాను. ఏడో రౌండు తర్వాత కంటూరు గీతలు (మ్యాప్ మీద ఎత్తు చూపే గీతలు) లెక్కపెట్టమంటే నాలుగు అన్నాను, ఆరున్నాయి. ఒక్కో గీతకు 5 మీటర్ల ఎత్తు, అంటే 10 మీటర్ల ఎక్కుడు నా కళ్ల ముందు నుంచి మాయమైపోయింది. ఊపిరి అందనప్పుడు మనిషికి చదువు రాదు. ఇంటర్ పిల్లల మీద పరీక్ష హాల్లో కోప్పడ్డ సందర్భాలు కొన్ని గుర్తొచ్చాయి.

గురువారం సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ రోజు మా బాపు కూడా వచ్చాడు.

ఈ ఆటలో అడుగుల లెక్క ఒకటుంటుంది. ఎడమ కాలు నేలను తాకినప్పుడల్లా ఒకటి. 100 మీటర్లకు నీ లెక్క ఎంతో నీకు తెలిసి ఉండాలి. మ్యాప్ మీద సెంటీమీటర్లు చూసి, అడుగులు లెక్కపెట్టుకుంటూ పోతే చుట్టూ ఏం కనబడకపోయినా ఎంత దూరం వచ్చావో తెలుస్తుంది. మా ఇల్లు వడ్డేపల్లి చెరువు దగ్గర. కట్ట మీద టేపుతో 100 మీటర్లు కొలిచి గుర్తు పెట్టుకుందామని 30 మీటర్ల టేపు తీస్తుంటే బాపు చూశాడు.

మా బాపు సర్వే శాఖలో చైన్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. డెబ్బై ఎనిమిదేళ్లు. చిన్నప్పుడు ఆయన్ని "గొలుసు పట్టే ఆయన" అనేవాళ్లు మా ఊళ్లో. నేను పరుగెత్తడం మీద ఆయనకెప్పుడూ సదభిప్రాయం లేదు. పనిలేని పని అంటాడు. కానీ టేపు చూసేసరికి చెప్పులేసుకున్నాడు.

"ఒక్కనివి ఎట్ల పడ్తవు? ఒక కొస నాకియ్యి."

కట్ట మీద మార్నింగ్ వాక్ వాళ్లు పక్కకు తప్పుకుంటుంటే ఇద్దరం కొలిచాం. నేను టేపు నేల మీద పరిచి లాగాను. బాపు ఒప్పుకోలేదు. మధ్యలో వేలాడొద్దు, గడ్డి మీద పైకి లేవొద్దు, ఇంకా గట్టిగా లాగు. మూడుసార్లు 30, ఆ పైన 10. చివర ఒక చిన్న కర్ర పాతి, దాని మీద రాయి పెట్టి, ఎందుకో నాకు తెలియదు గానీ, ఆ రాయిని రెండుసార్లు తట్టాడు. నలభై ఏళ్ల అలవాటు కాబోలు.

ఆ తర్వాత నేను అటూ ఇటూ. నడిస్తే 64. నెమ్మదిగా పరుగెత్తితే 51. కట్ట దిగి శిఖంలోని పొదల్లో పరుగూ నడకా కలిపితే 58. ఒక్కో రకం నాలుగుసార్లు చేసి సగటు తీశాను. బాపు కట్ట మీద కూర్చుని ప్రతిసారీ నాతోపాటు పైకే లెక్కపెట్టాడు. రెండుసార్లు నేను తప్పు లెక్కపెడితే దిద్దాడు.

ఇంటికొచ్చాక ఆదివారం మ్యాప్ చూపించమన్నాడు. ఆ మ్యాప్ మేమే గీసుకున్నాం. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి దారులు, చెరువులు తీసుకుని, ఉపగ్రహ డేటాతో కంటూరు గీతలు వేసి, ఓపెన్ ఓరియంటీరింగ్ మ్యాపర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కూర్చి, ఆ పైన నాలుగు ఆదివారాలు గుట్టల్లో తిరిగి గుండ్లు, బండలు, పొదలు చేర్చాం. అటవీ శాఖ బీట్ ఆఫీసరుకు చెప్పే తిరిగాం. రంగులకు ప్రపంచమంతా ఒకటే పద్ధతి. నేల ఎత్తుపల్లాలు గోధుమ రంగు, రాళ్లు నలుపు, నీళ్లు నీలం, కోర్సు ఊదా. పసుపు అంటే ఖాళీ జాగా. తెలుపంటే ఖాళీ కాదు, హాయిగా పరుగెత్తగలిగే అడవి. కొత్తవాళ్లంతా మొదట ఇక్కడే బోల్తా పడతారు. ఆకుపచ్చ ముదురుతున్న కొద్దీ చొరబడలేని పొద. మార్చిలో మోదుగ పూసినప్పుడు మేం తెలుపు వేసిన చోట్లు వానాకాలం పోయాక చూస్తే ఆకుపచ్చ అయి కూర్చున్నాయి. మళ్లీ మార్చాం.

స్కేలు 1:10000. అంటే మ్యాప్ మీద సెంటీమీటరు నేల మీద 100 మీటర్లు. బాపుకు రంగులతో పనిలేదు. కళ్లద్దాలు పెట్టుకుని, నా కూతురి కంపాస్ బాక్సులోంచి స్కేలు తెప్పించి, మ్యాప్ అడుగున ఉన్న కొలబద్ద గీత మీద పెట్టాడు.

"గిది ఐదు సెంటీమీటర్లుండాలె గద?"

"అవును. 500 మీటర్లు."

"నాలుగున్నర దాటి రెండు గీతలే ఉన్నది."

4.7. మళ్లీ కొలిచాను, 4.7 సెంటీమీటర్లే. ప్రింటు తీసిన జిరాక్స్ షాపులో పేజీకి సరిపోయేలా తగ్గించి తీశారు. అంచులు తెగకూడదని వాళ్ల మంచితనం. వాళ్లను అనడానికేం లేదు, చూసుకోవాల్సింది నేను. ఆ మ్యాప్ పట్టుకుని పోతే 350 మీటర్ల దూరం 330 అని కొలుస్తాను. తుమ్మ పొదల్లో ఇరవై మీటర్ల ముందు ఆగి, లేని గుండు కోసం చుట్టూ తిరుగుతుంటాను. పొద్దంతా ఎడమ కాలు లెక్కపెట్టి సగటు తీసిందంతా బూడిదలో పోసినట్టే.

"నక్ష తప్పైతె నడక ఎట్ల సక్కగుంటది" అని బాపు మ్యాప్ మడిచి ఇచ్చేశాడు. ఆయన మొహంలో తృప్తి చూడాలి. శుక్రవారం మళ్లీ షాపుకు పోయి, "యాక్చువల్ సైజ్" అని దగ్గరుండి పెట్టించి, కౌంటర్ మీదే స్కేలుతో కొలిచి తెచ్చాను. షాపు కుర్రాడు నన్ను అదోలా చూశాడు.

శుక్రవారం పొద్దున పద్మాక్షి గుట్ట దగ్గర ఎక్కుడు పరుగు. 45 సెకన్లు పైకి, నడుచుకుంటూ కిందికి, ఆరుసార్లు. నాలుగో దఫాకు పిక్కలు పట్టేశాయి, ఆరూ పూర్తిచేశాను. బతుకమ్మ రోజుల్లో కాలు పెట్టడానికి చోటుండని గుండం దగ్గర ఆ పొద్దు ఇద్దరు ముసలమ్మలు తప్ప ఎవరూ లేరు.

శనివారం పరుగు లేదు, ఖిలా వరంగల్‌లో మ్యాప్ పట్టుకుని నడక మాత్రమే. ఇది నాకు వారంలో అన్నిటికంటే ఇష్టమైన పని. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు కాబట్టి గుడ్డలు కట్టడం, జెండాలు పాతడం లాంటివేం చెయ్యం. ఊరికే నడుస్తూ, కంపాస్ చూసుకుంటూ, మ్యాప్ మీద బొటనవేలు జరుపుకుంటూ పోవడమే. మనం ఉన్న చోట బొటనవేలు ఉండాలి. పది అడుగులు నడిస్తే వేలు కూడా ఆ మేరకు జరగాలి. వినడానికి ఇంత తేలిక, చెయ్యడానికి చిరాకు. ఎవరితోనైనా ఒక్క మాట మాట్లాడామా, వేలు వెనకే ఉండిపోతుంది.

కాకతీయులు ఈ ఆటకోసమే కోట కట్టారా అనిపిస్తుంది నాకు. గుండ్రటి రాతి కోట, దాని బయట ఇంకా పెద్ద గుండ్రటి మట్టికోట, నడిమధ్య స్వయంభు గుడి శిథిలాలకు నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు. తోరణం దగ్గర నిలబడి ఎదుటి తోరణం వైపు చూస్తే కంపాస్ అవసరమే లేదు. అదే రాతి కోట ద్వారం దగ్గరికొస్తే తలకిందులు. ద్వారం తిన్నగా లోపలికి తెరుచుకోదు. లోపలికి పోయి, పక్కకు తిరిగి, మళ్లీ తిరిగితే గానీ బయటపడం. శత్రువు గుర్రం వేగం అందుకోకుండా, దిక్కు తెలియకుండా చెయ్యడానికి కట్టిన మలుపులవి. ఏడువందల ఏళ్లు దాటాక కూడా నా మీద పనిచేశాయి. రెండో మలుపు తర్వాత మ్యాప్‌ని దిక్కుకు తిప్పుకోవడం మర్చిపోయి, తూర్పు అనుకుని దక్షిణం వైపు యాభై అడుగులు నడిచాను. పక్కన పత్తి బస్తాలేసుకుని ఎనుమాముల మార్కెట్‌కు పోతున్న ట్రాలీ డ్రైవర్ హారన్ కొడితే గానీ తల ఎత్తలేదు.

అన్నట్టు కంపాస్ గురించి ఒక మాట. నేను మొదట ఆన్‌లైన్‌లో చవగ్గా కొన్నదాని ముల్లు దక్షిణం కొన కిందికి వాలి అడుగు బిళ్లకు రాసుకునేది. పాడైందనుకున్నాను. భూమి అయస్కాంత క్షేత్రం ఒక్కో ప్రాంతంలో ఒక్కో కోణంలో వాలుతుంది కాబట్టి కంపాస్ ముల్లును ఆ ప్రాంతానికి తూచి చేస్తారట. నాది ఉత్తర యూరప్‌కు తూచింది. కొనేటప్పుడు ఏ జోన్‌కు చేశారో చూసుకోండి. అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా మాత్రం మన వైపు పట్టించుకోనక్కర్లేనంత తక్కువ. ఆ విషయంలో మనం అదృష్టవంతులం.

ఇక ఆదివారం.

హనుమకొండ నుంచి బండి మీద ముప్పావు గంట. దారి పొడుగునా రోడ్డు సగం వడ్లు ఆరబోసి ఉన్నాయి. మిగిలిన సగంలో ఎదురుగా వచ్చే వరికోత మిషన్లు. ఏడుంబావుకు గానీ మొదలుపెట్టకూడదని మా కట్టుబాటు. చీకట్లో అడవి పందుల కోసం చేల గట్ల మీద కరెంటు తీగలు పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. నిండు వెలుతురు వస్తే గానీ లోపలికి పోము. ఎవరి దగ్గరైనా విజిల్ లేకపోతే వాళ్లను హవల్దార్ సాబ్ వదలడు.

ఎనిమిది కంట్రోళ్లు, మ్యాప్ మీద తిన్నగా గీసిన గీతలు కలిపితే 5.2 కిలోమీటర్లు. నేను మూడోవాణ్ని, ఐదేసి నిమిషాల తేడాతో. ఒకటి, రెండు తేలిగ్గా దొరికాయి. ఎక్కడా గసపెట్టలేదు, కాళ్లు తేలిగ్గా ఉన్నాయి. మూడోది ఒక కుంట కట్ట మీద, తూము పక్కన. ఇలాంటిచోట ఒక చిట్కా ఉంది. తిన్నగా తూముకు గురిపెట్టొద్దు, కావాలనే కొంచెం ఎడమకు గురిపెట్టాలి. తిన్నగా పెడితే కట్ట చేరాక తూము ఎడమకుందో కుడికుందో తెలియక తల గోక్కోవాలి. ఎడమకు పెట్టి పోతే కట్ట తగలగానే కళ్లు మూసుకుని కుడికి తిరగడమే. అలాగే చేశాను, నలభై అడుగుల్లో గుడ్డ కనబడింది. మా దర్జీ కుట్టిన గుడ్డే, కానీ ఆ క్షణంలో దాన్ని మించిన అందం ఉండదు. నెంబరు రాసుకుని వాచ్ చూశాను. 31 నిమిషాలు. ముందు బయల్దేరిన ఇద్దర్లో ఒకరిని దాటేశాను కూడా.

అదిగో, ఆ దాటెయ్యడమే తలకెక్కింది.

మూడు నుంచి నాలుగుకు 450 మీటర్లు, ఈశాన్యంగా. చిన్న కనుమ దాటి ఒక వాగులోకి దిగాలి. వాగు ఒడ్డున పెద్ద గుండు, దాని ఉత్తరం వైపు కంట్రోల్. కంపాస్ పట్టి దిక్కు చూసుకున్నాను. మెడకు తగిలించుకున్న సంచిని వెనక్కి తోసి, అందులోని ఫోన్ చొక్కా ఎడమ జేబులో పెట్టుకున్నాను, పరుగెత్తేటప్పుడు ఊగకుండా. ఎడమ చేతి బొటనవేలికి కంపాస్, ఛాతీ దగ్గర పట్టుకున్నాను. బయల్దేరాను. కనుమ వచ్చింది. అవతల మంచి మేకల దారి, కిందికి దిగుడు. కిలోమీటరుకు ఐదున్నర నిమిషాల వేగంతో దిగాను. అడుగులు లెక్కపెట్టడం 120 దగ్గర ఆగిపోయింది. ఎందుకంటే దారి అంత బాగుంది. వాగు వచ్చింది. గుండు వచ్చింది. గుడ్డ లేదు.

ఇక్కడ జరిగింది కాలు తప్పు కాదు. వాగు ఉంది కదా, కాబట్టి ఇదే ఆ వాగు. మ్యాప్‌లో గుండు ఒకటే, నా ముందు మూడున్నాయి. రెండు చిన్నవి, మేమే గియ్యకుండా వదిలేసి ఉంటాం. మ్యాప్‌లో వాగు తూర్పుకు పారాలి. నా కాళ్ల దగ్గర మొన్నటి వానలకు వచ్చిన ప్రవాహం గడ్డినంతా దువ్వెనతో దువ్వినట్టు పడమరకు పండబెట్టి పోయింది. వేర్లకు చిక్కుకున్న చెత్త కూడా అటే వేలాడుతోంది. అది చూశాను. చూడలేదని అబద్ధం చెప్పను. గాలికి వంగిందేమో అనుకున్నాను. జవాబు వెనక పేజీలో చూసుకుని దానికి సరిపోయేలా స్టెప్పులు రాసే పిల్లలుంటారు ప్రతి క్లాసులో. వాళ్ల పేపర్లో నేను సున్నా వేస్తాను.

గుండు చుట్టూ రెండుసార్లు, వాగు వెంట కిందికి రెండొందల మీటర్లు, మళ్లీ పైకి. సీతాఫలం పొదల్లో దూరితే చొక్కా చేతి దగ్గర చిరిగింది. ఎడమ బూటు అడుగునుంచి ఒక ముల్లు దిగి లోపల చురుక్కుమంది. పీకాను. అప్పుడే మేకల పెద్దాయన వచ్చింది. నేను గుర్తు ఎక్కడుందని అడగలేదు, అడగకూడదు. ఆయనే పోతూ పోతూ, "కుంట గావాల్నంటె మల్ల పైకి పోవాలె. గీ వాగు కుంటకు పోదు" అన్నాడు.

అప్పుడు బుర్ర వెలిగింది. నేను దిగాల్సిన వాగు కాదు ఇది, దాని పక్కది. రెండూ ఒకే పోలిక, ఒకే కనుమల వరస నుంచి పుట్టి రెండు దిక్కులకు పోతాయి. ఇంత జరిగాక చెయ్యాల్సింది ఒకటే. ఖాయంగా తెలిసిన చివరి చోటుకు వెనక్కి పోవాలి. ఎక్కుడంతా ఎక్కి కుంట కట్ట చేరాను. ఈసారి కంపాస్‌ను నమ్మబుద్ధి కాలేదు. కట్ట చివరిదాకా పోయి, మ్యాప్‌లో ఉన్న రెండు తాటిచెట్లు చూసుకుని, వాటి మధ్య నుంచి కనిపించే కనుమకు నడిచాను. అవును, నడిచాను. 260 అడుగులు లెక్కపెట్టి తలెత్తేసరికి గుండు, దాని వెనక గుడ్డ. తొమ్మిది నిమిషాలు పట్టింది. అంతకుముందు తప్పు వాగులో పోయింది 23 నిమిషాలు.

మిగతా నాలుగూ ఏ గొడవా లేకుండా అయిపోయాయి. ఏడోదాని దగ్గర నెమలి ఒకటి లేచి నాకంటే ఎక్కువ భయపడింది. మొత్తం గంటా 52 నిమిషాలు, వాచ్‌లో 8.6 కిలోమీటర్లు.

చింతచెట్టు కింద అందరూ ఉప్మా తింటున్నారు. మా గుంపులో యాభై దాటిన బ్యాంకు మేడం ఒకరున్నారు. మోకాలి నొప్పి, ఒక్క అడుగు కూడా పరుగెత్తరు. ఆమె గంటా 41 నిమిషాల్లో వచ్చేశారట. 6.1 కిలోమీటర్లు నడిచి. నాకు ప్లేటు అందిస్తూ "ఎక్కడ ఆగిపోయారు సార్?" అన్నారు. ఆగి ఉంటే బాగుండేది, ఆగకుండా పోవడం వల్లే వచ్చింది ఇదంతా.

నేను అప్పటికే కారణం సిద్ధం చేసుకున్నాను. పేరులోనే ఉంది కదా, ఇనుపరాతి గుట్టలు. రాళ్లలో ఇనుముంటే కంపాస్ ముల్లు తిరగదా? ఇదే గట్టిగా చెప్పాను. ఇద్దరు తలాడించారు. హవల్దార్ సాబ్ తినడం ఆపి, చెయ్యి కడుక్కుని, నా కంపాస్ తీసుకుని బండ మీద పెట్టాడు. ముల్లు నిలకడగా నిలబడింది. "మీ ఫోన్ ఇయ్యిండ్రి." జేబులోంచి తీసిచ్చాను. అయస్కాంతంతో టప్పున మూసుకునే ఫ్లిప్ కవరు. నా ఛాతీకీ చేతికీ ఎంత దూరమో అంత దూరంలో పెట్టాడు. ముల్లు ఊగి, ఇరవై డిగ్రీలు పక్కకు పోయి, అక్కడే తాపీగా నిలబడింది. తీశాడు, వెనక్కొచ్చింది. మళ్లీ పెట్టాడు.

"రాయినెందుకు అంటరు సార్" అన్నాడు. అంతే, మళ్లీ ప్లేటు తీసుకున్నాడు.

సాయంత్రం ఇంట్లో మ్యాప్ మీద నేను నిజంగా తిరిగిన దారిని ఎర్ర పెన్నుతో గీశాను. ప్రతి కోర్సు తర్వాత ఇది చెయ్యాలి, వాచ్‌లోని జీపీఎస్ గీత చూడకముందే, గుర్తున్నంత మేరకు. ఆ తర్వాత రెండూ పోల్చుకోవాలి. తప్పు వాగు దగ్గర నా గీత పిల్లలు పిచ్చిగీతలు గీసినట్టుంది. బాపు పక్కన కూర్చుని చూశాడు. ఫోన్ సంగతి చెప్పాను, కవర్ సంగతి చెప్పాను. ఆయనకు అవేం ఎక్కలేదు. రెండు వాగుల మీద వేలు పెట్టి, "గిది ఎటు పారుతది? మరి గిది?" అని అడిగాడు. చెప్పాను.

"మరి ఆడ గడ్డి ఎటు పండుకున్నది?"

పడమరకు అన్నాను.

"చూసినవా, చూడలేదా?"

చూశానన్నాను. బాపు ఇంకేం అనలేదు. టీవీ పెట్టుకున్నాడు.

ఈ వారం లెక్క: మంగళ, బుధ వారాలు ఎనిమిదేసి, గురు, శుక్ర వారాలు ఐదేసి, శనివారం నడక మూడు, ఆదివారం 8.6. మొత్తం 37.6 కిలోమీటర్లు. పరుగుకు సంబంధించినంతవరకు పాత వారాల్లాంటిదే. ఫోన్ కవరు మార్చాను. ఫోన్‌ను సంచి అడుగున, వీపు వైపు పెట్టుకోవాలని మ్యాప్ వెనక రాసుకున్నాను. దాని కింద, దిగుళ్లలో కూడా లెక్క ఆపొద్దని ఇంకోటి.

సోమవారం మా ఆవిడ పిన్నీసు తీసుకుని బూటులో మిగిలిన ముల్లు కొన తీసింది. ఒకటే ఉందనుకున్నాం. రెండోది మంగళవారం భద్రకాళి బండ్ మీద, నాలుగో కిలోమీటరు దగ్గర దొరికింది.